బొంత చీటీ, నక్క బోణీ

వాగు దిగి అవతలి గట్టెక్కితే పాడుబడ్డ ఇటుకల బట్టీ ఒకటి కనిపిస్తుంది. యజమాని మూసేసి వెళ్ళిపోయాక ఆ గోడల మధ్య జంతువులు కాపురం పెట్టాయి. ఎండకు కాగిన ఇటుక పొద్దుపోయాక కూడా వెచ్చగా ఉంటుంది. అద్దె అడిగేవాడు లేడు, ఖాళీ చెయ్యమనేవాడు లేడు. అంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఆ బట్టీలోనే ఉన్నమ్మ అనే గొర్రె ఉండేది. ఒకప్పుడు తనను మేపిన గొల్లామె వెంట సంతకు వెళ్ళేది. ఆమె గొంగళ్ళు అమ్ముతుంటే పక్కన నిలబడి నెమరేసుకుంటూ అన్నీ చూసేది. తుమ్మముల్లు సూదిగా పెట్టుకుని రెండేళ్ళు కూర్చుని ఉన్నమ్మ ఒక బొంత కుట్టింది. పాత చీరల ముక్కలు, చేలో దిష్టిబొమ్మకు తొడిగిన చొక్కా, ‘మీ అమూల్య’ వరకే అక్షరాలు మిగిలిన ఎన్నికల గుడ్డ, అన్నీ అందులో ఉన్నాయి. లోపల కూరింది తన ఒంటి ఉన్నే. చలికాలం వస్తోంది కదా, ఆ బొంత మీద అందరికీ కన్నుంది.

కానీ ఉన్నమ్మ దాన్ని దానం చేసేద్దామనుకుంది. ఎందుకంటే మూటయ్య.

మూటయ్య గాడిద. అదే బట్టీలో పదేళ్ళు ఇటుకలు మోశాడు. బట్టీ మూసేసిన రోజున యజమాని తాడు విప్పి, వీపు మీద ఒక్కటి చరిచి, పొమ్మన్నాడు. పోవడానికి చోటు లేక బట్టీలోనే ఉండిపోయాడు. ఈమధ్యే మేతకని వాగు దాటుతూ రాయి మీద జారి ముందుకాలు విరగ్గొట్టుకున్నాడు. వైద్యం తెలిసిన కొంగ వచ్చి ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు చూసింది.

"నలభై రోజులు కాలు కింద పెట్టకూడదు. పెట్టావంటే ఇక నడక మాట మర్చిపో" అంది.

గడ్డి ఉన్నదేమో వాగు అవతల. కాలు కింద పెట్టకపోతే మేసేదెట్లా? నలభై రోజులు బతకాలంటే ఒక గోనెసంచి నిండా గింజలు కావాలని లెక్క తేలింది. జొన్న కోతలయ్యాక చేలో రాలిన పరిగె ఏరుకుని ఎవరి గూట్లో వాళ్ళు కాసిన్ని దాచుకున్నారు. కానీ సంచెడు గింజలు ఒక్కళ్ళ దగ్గర ఎక్కడుంటాయి? మూటయ్య అందరి ముందూ ‘నాకు ఆకలి తక్కువలే’ అనేవాడు. అది విన్నప్పుడల్లా ఉన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది.

ఒకనాటి మధ్యాహ్నం అందరూ బట్టీ ముందు చేరారు. ఉన్నమ్మ బొంత తెచ్చి పరిచింది.

"ఇది ఇచ్చేస్తాను. గింజలు పోగుచేసే ఉపాయం మీరే చెప్పండి" అంది.

చెప్పడానికి నక్క జంబయ్య ఎప్పుడూ సిద్ధమే. పట్నంలో ఎగ్జిబిషన్ మైదానం వెనక చెత్తకుప్పలో కొన్నాళ్ళు ఉండొచ్చాడు. మైకుల్లో విన్నదంతా తన చదువే అనుకునేవాడు.

"చీటీలు వేద్దాం" అన్నాడు.

ఎద్దు కోటప్ప తలెత్తాడు. మంచివాడు. కాస్త నిదానం.

"నెలనెలా కట్టాలా? పాట ఎవరు పాడతారు? నాకు తొందర లేదు, ఆఖర్లో ఎత్తుకుంటాను."

"ఆ చీటీ కాదు పెద్దయ్యా! లక్కీ డ్రా చీటీ. తలా ఒకటి కొంటారు. కుండలో వేసి కలిపి ఒక్కటి తీస్తాం. ఎవరిది వస్తే బొంత వాళ్ళది."

"మరి మిగతావాళ్ళ వంతు ఎప్పుడొస్తుంది?"

"రాదు."

"రాకపోతే ఎగ్గొట్టినట్టే కదయ్యా" అన్నాడు కోటప్ప బాధగా.

కోడిపెట్ట గంపమ్మ రెక్క విదిల్చింది. "ఎగ్గొట్టడమేంటి పెద్దయ్యా, ఆ గింజలన్నీ మూటయ్యకు పోతాయి."

"అట్లా చెప్పండి మరి. అయితే నాకూ ఒకటి."

ఇక చీటీ ధర దగ్గరకొచ్చింది వ్యవహారం. అందరూ ఉన్నమ్మ వైపు చూశారు. గొర్రెకు ముందు నడిచే అలవాటు ఎక్కడిది? ముఖం నేలకేసి గొణిగింది. "దోసెడు గింజలు... ఎక్కువంటారా?"

"దోసెడా!" జంబయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. "రెండేళ్ళ కష్టం ఒదినా! నీ ఒంటి ఉన్ని! చీటీ దోసెడంటే నలుగురిలో నీ పరువేం కాను? వస్తువు గొప్పదైతే చీటీ కూడా గొప్పగా ఉండాలి. నా మాట విని చీటీ కుంచం పెట్టు."

ఆ మాటతో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. గంపమ్మకైతే ముక్కు మూతపడలేదు.

"కుంచమా! నేనూ నా పిల్లలూ నెల్లాళ్ళు పరిగె ఏరితే కుంచం. ఇంకేం తింటాం, ఇటుకలా?"

"చూడు గంపమ్మా, నీకు చీటీ ముఖ్యమా, ఒదిన గౌరవం ముఖ్యమా?"

ఇట్లాంటి ప్రశ్న వేస్తే ఎవరేం మాట్లాడతారు? జంబయ్య అక్కడితో ఆగలేదు.

"ఇంకో మాట. తెలిసినవాళ్ళకో ధర, తెలియనివాళ్ళకో ధర అంటే నేనొప్పుకోను. అందరికీ ఒకటే ధర. పెద్దయ్యకైనా, నాకైనా. బట్టీ మీద చెయ్యేసి ఒట్టేయండి."

న్యాయంగానే ఉందని అందరూ ఒట్టేశారు. మర్నాడు పొద్దున అమ్మకం, పొద్దు వాలే వేళకు డ్రా అనుకున్నారు. జంబయ్య తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

అతని తోక మలుపు తిరిగేదాకా ఆగి గంపమ్మ ఉన్నమ్మ మీదికి వచ్చింది.

"అర్థమైందా అక్కా వాడి పన్నాగం? కుంచం గింజలు ఎవరి దగ్గరున్నాయి? వాడొక్కడి దగ్గరే! పూరేడు పిట్టలకు ఎర వెయ్యడానికి రెండు కుంచాలు దాచాడు. రేపు వాడొక్కడే చీటీ కొంటాడు. కుండలో ఒకటే చీటీ ఉంటే ఎవరు తీసినా అదేగా వచ్చేది! కుంచానికి బొంత కొట్టేస్తాడు. ఆ కుంచం మూటయ్యకు పది రోజులకు మించి రాదు."

"ఒట్టేశాం కదే" అంది ఉన్నమ్మ.

ఏడుపు ఆపుకుంటూ వాగుకు నీళ్ళకెళ్ళింది. అక్కడ తాబేలు తాత రేగుపళ్ళు కుప్ప పోసుకుని కూర్చున్నాడు. ఎదురుగా జంబయ్య.

"గింజకు నాలుగేంటి తాతా, దోపిడీ! ఐదివ్వు."

"సరే, ఐదు."

"కొసరు?"

"ఇదిగో, ఇంకోటి."

"ఇది పుచ్చింది. మార్చివ్వు. మార్చినందుకు ఇంకోటి వెయ్యి."

తాబేలు తాత విసిగిపోయి ఏడో పండు కూడా వేశాడు. జంబయ్య గెలిచిన ముఖం పెట్టుకుని నాలుగడుగులు వేశాడు. ఒక పండు నోట్లో వేసుకుని, ఛీ పులుపు అని ఊసేసి, మిగతా ఆరూ అక్కడే పారేసి పోయాడు.

ఉన్నమ్మ నీళ్ళు తాగడం మర్చిపోయింది. వీడికి పళ్ళు అక్కర్లేదన్నమాట. తగ్గింపు కావాలి, అంతే! ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఆ తర్వాత మరొకటి. ఒక్కరోజులో మూడు ఆలోచనలు రావడం ఆమెకు అదే మొదలు, కాస్త భయం కూడా వేసింది. గబగబా వెనక్కి వచ్చి గంపమ్మ చెవిలో చెప్పింది.

"రేపు పొద్దున్నే అందర్నీ గోడ వెనక కూర్చోబెట్టు. నేను అరిచేదాకా ఎవరూ తుమ్మకూడదు."

"ఎందుకక్కా?"

"అడగకు. మళ్ళీ మర్చిపోతాను."

తెల్లారింది. ఉన్నమ్మ బట్టీ ముందు నీళ్ళు చల్లింది. బొంత గోడ మీద ఆరేసింది. పక్కన ఖాళీ గోనెసంచి, చీటీలకు మోదుగాకులు, అడుగుల ముద్ర వెయ్యడానికి ఎర్రమట్టి ముద్ద పెట్టుకుంది. ఈ ఉపాయం పారకపోతే బొంతా పోతుంది, మూటయ్యా పస్తుంటాడు. తర్వాత ఆ ముఖం చూడగలనా అనుకుంది.

జంబయ్య కుంచం మూట భుజానేసుకుని అందరికన్నా ముందే వచ్చాడు. చుట్టూ చూశాడు. పురుగు కూడా లేదు.

"ఇదిగో ఒదినా, నా కుంచం."

"నీదే బోణీ బావా! నీ చెయ్యి మంచిది." ఉన్నమ్మ మూట వైపు చూడనైనా లేదు. "మా గొల్లామె ఉండేది చూడు, సంతలో ఎంత గీసిగీసి బేరమాడినా, బోణీ బేరాన్ని మాత్రం కాదనేది కాదు. అడిగినంతకే ఇచ్చేసేది. నాకూ అదే అలవాటైంది."

జంబయ్య చెవులు రెండూ నిలబడ్డాయి.

"అడిగినంతకే అంటే?"

"అడిగినంతకే. బోణీ కదా."

మూట భుజం మీంచి దిగింది. ముడి మాత్రం విప్పలేదు. ఎవరూ లేరు కదా, అడిగితే పోయేదేముంది అనుకున్నట్టున్నాడు.

"అయితే... అరకుంచం."

"సరే బావా."

ఇదెక్కడి గోల! అంత తొందరగా ఒప్పుకుందంటే ఇంకా తగ్గేదన్నమాటేగా? జంబయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఆగాగు. నేను అరకుంచం అన్నానా? మానిక అనబోయి నోరు జారింది."

"మానికే ఇవ్వు."

"దోసెడు!"

"దోసెడే కానీ."

పాపం, జంబయ్యకు చెమటలు పట్టాయి. ఇంతవరకూ ఎవరూ తనకు ఎదురు చెప్పకుండా ఇచ్చింది లేదు. ఎక్కడ ఆగాలో తెలియడం లేదు.

"గుప్పెడు!" అన్నాడు కళ్ళు మూసుకుని.

"గుప్పెడంటే మరీ అన్యాయం బావా" అంది ఉన్నమ్మ మెల్లగా.

జంబయ్య ఎగిరి గంతేశాడు. "అదీ! అదీ అసలు ధర! ఇప్పుడు దొరికావు. గుప్పెడుకు ఒక్క గింజ ఎక్కువ ఇవ్వను."

"బోణీ అన్నాక ఇంకేం చేస్తాను, తే."

మూట విప్పి ఒక గుప్పెడు తీసి ఇచ్చాడు. నక్క గుప్పెడు ఎంతుంటుంది! ఉన్నమ్మ ఆ గింజలు కళ్ళకద్దుకుని సంచిలో పోసింది. మోదుగాకు మీద అతని అడుగు ముద్ర వేయించి కుండలో పడేసింది. అప్పుడు మెడ చాచి, తన జన్మలో అరవనంత గట్టిగా అరిచింది.

"బోణీ అయిందహో! చీటీ గుప్పెడు! రండమ్మా రండి, చీటీ గుప్పెడే!"

గోడ వెనక నించి బిలబిలమని అందరూ వచ్చిపడ్డారు. గంపమ్మ, ఆమె పిల్లలు, కోటప్ప, తాబేలు తాత, ఉడతలు, కుందేళ్ళు. జంబయ్య నోరు తెరిచి చూశాడు.

"ఇదేంటి! అది బోణీకి మాత్రమే! మీకందరికీ కుంచం!"

గంపమ్మ నడుం మీద రెక్కలు పెట్టుకుంది. "అందరికీ ఒకటే ధర అని నిన్న ఒట్టు వేయించింది ఎవరు బావా? పెద్దయ్యకైనా నాకైనా అన్నావు. నాకైతే ఆ మాట బాగా నచ్చింది."

"అయితే నా గుప్పెడు నాకిచ్చేయండి. కుంచమే ఇస్తాను!"

"ఎంత మాట!" ఉన్నమ్మ చెవులు మూసుకుంది. "బోణీ వెనక్కిస్తారా ఎక్కడైనా? పొద్దున్నే అశుభం."

జంబయ్య కాలు నేలకేసి కొట్టాడు. పోయి గోడ మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"గుప్పెడంటే ఎవరి గుప్పెడక్కా?" అడిగింది ఒక ఉడత.

"ఎవరి గుప్పెడు వాళ్ళది."

గంపమ్మ కాలిగోళ్ళలో పట్టినన్ని తెచ్చింది, పన్నెండు గింజలు. పిల్లలు తలా మూడు గింజలు. తాబేలు తాత తన వంతు తెచ్చేసరికి అందరూ వరసలో రెండుసార్లు మారారు. కోటప్ప తన గిట్టల వంక దిగులుగా చూసుకున్నాడు.

"నాకు గుప్పిటే లేదు కదమ్మా!"

"నీకు తోచినట్టు ఇవ్వు పెద్దయ్యా."

ఆయన తన తొట్టి దగ్గరికి నడిచి, అందులో దాచుకున్న గింజలన్నీ నోటినిండా పట్టుకుని తిరిగొచ్చి, బుగ్గలు ఖాళీ చేశాడు. సంచి దాదాపు పావువంతు నిండింది.

"ఇది బుట్టెడుంది పెద్దయ్యా!" అంది ఉన్నమ్మ.

"ఏం చెయ్యను, నా నోరింతే" అన్నాడు కోటప్ప సిగ్గుపడుతూ.

గుప్పెడే కదా అని ఒకటి కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి రెండోది కొన్నారు. చుట్టం పేర కొన్నారు. పుట్టబోయే పిల్లల పేర కొన్నారు. మధ్యాహ్నమయ్యేసరికి సంచి సగం దాటింది, కుండలో ఆకులు నలభై దాటాయి. గోడ మీది జంబయ్య ఆ ఆకులే లెక్కపెడుతున్నాడు. నలభైలో ఒక్కటంటే ఒక్కటే తనది! బొంత గాలికి కదిలినప్పుడల్లా అతని ప్రాణం ఊగిసలాడింది. ఉన్నట్టుండి కిందికి దూకాడు.

"ఒకళ్ళు ఎన్నైనా కొనచ్చా?"

"కొనచ్చు బావా. ధర మాత్రం తగ్గదు" అంది ఉన్నమ్మ.

"కుంచానికి ఎన్ని గుప్పెళ్ళు?"

"నీ గుప్పెడు చిన్నది కదా, ముప్పై అయిదు దాకా వస్తాయి."

జంబయ్య చేతిలో ఉన్న మూట మొత్తం సంచిలో కుమ్మరించాడు. పరుగున పోయి పూరేడు పిట్టల కోసం దాచిన రెండో కుంచమూ తెచ్చి పోశాడు. ఎండలో కూర్చుని ఒక్కో ఆకు మీదా అడుగు ముద్ర వేస్తూ పోయాడు. అరచేతులు ఎర్రబడ్డాయి, నడుం పట్టేసింది, మధ్యలో లేచి నీళ్ళు తాగే తీరిక కూడా లేదు. పూర్తయ్యేసరికి కుండలో డెబ్భై ఆకులు అతనివే!

గంపమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమ్మను పక్కకు లాగింది.

"ఏం చేశావక్కా! కుండనిండా వాడి కాళ్ళే. బొంత వాడికే పోతుంది."

ఉన్నమ్మ సంచి వైపు చూసింది. మూతి దగ్గరికి లాగితే కట్టడానికి చోటు చాలడం లేదు. గింజలు అంచు మీంచి జారి కింద పడుతున్నాయి.

"పోనీవే. ఎవరికి పోతే ఏం? సంచి నిండింది చూడు. మూటయ్య బతికాడే!" అని, ఇక ఆపుకోలేక గంపమ్మ రెక్కలో ముఖం పెట్టి ఏడ్చేసింది. గంపమ్మ కూడా కాసేపు కోపం మర్చిపోయింది.

పొద్దు వాలింది. చీటీ కొననివాడు ఊరంతటికీ మూటయ్య ఒక్కడే, అందుకని డ్రా అతని చేతే తీయించారు. కళ్ళకు గుడ్డ కట్టారు. అతను కూర్చున్న చోటునించే కుండలో మూతి పెట్టి, పెదవులతో ఒక ఆకు పట్టి పైకి తీశాడు. జంబయ్య ముందుకొచ్చి తోక సర్దుకున్నాడు. బొంత కప్పుకోవడానికి భుజాలు కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆకు మీద పొట్టిగా, లావుగా, నాలుగు గోళ్ళ అడుగు.

"తాబేలు తాత!" అని ఉడతలు కేకలు పెట్టాయి.

జంబయ్య ఆ ఆకును లాక్కుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది న్యాయమా? వీపు మీద ఇల్లున్నవాడికి బొంతెందుకు!"

"ఇల్లుంది నాయనా. పరుపే లేదు" అన్నాడు తాబేలు తాత.

బొంత ఆయన మీద వేశారు. లోపలున్న తాత కనిపించడం మానేసి బొంత ఒక్కటే నేల మీద మెల్లగా నడుచుకుంటూ వాగువైపు సాగిపోయింది. వెనక అంచు మీద ‘మీ అమూల్య’ అన్న అక్షరాలు దుమ్ములో ఈడ్చుకుంటూ పోయాయి. కోడిపిల్లలు భయపడి అరిచి, తర్వాత నవ్వి, చివరికి ఆ బొంత వెనకే ఊరేగింపు కట్టాయి.

అందరూ అటు చూస్తుంటే జంబయ్య మెల్లగా సంచి దగ్గరకు జరిగాడు. గెలవనివాళ్ళకు కాసిన్నైనా తిరిగిస్తారేమో కనుక్కుందామని. బొంత పోయింది, పూరేడు పిట్టల ఎర పోయింది, చలికాలం మాత్రం మిగిలింది. నోరు తెరవబోయేంతలో మూటయ్య పలకరించాడు. అతని ముందు గింజల పళ్ళెం ఉంది. ఎన్నో రోజుల తర్వాత, ఆకలి తక్కువన్న మాట అనకుండా తింటున్నాడు.

"జంబన్నా, అందరికన్నా ఎక్కువ చీటీలు నువ్వే కొన్నావట గదా. రెండు కుంచాలు పోశావట! బట్టీలో పదేళ్ళు ఇటుకలు మోశాను, నాకింత పెట్టినవాడు లేడు." మూటయ్య కళ్ళు తడిశాయి. "నీ రుణం ఎట్లా తీర్చుకోను?"

చుట్టూ అందరూ ఇటు తిరిగారు. కోటప్ప నిండుమనసుతో తల ఊపాడు.

"దాతవయ్యా జంబయ్యా! నిన్ను అపార్థం చేసుకున్నాం."

"ధర్మాత్ముడు" అంది గంపమ్మ, ముఖం చాలా గంభీరంగా పెట్టుకుని.

ఇంతమంది ముందు గింజలు వెనక్కి అడిగే ధైర్యం ఏ నక్కకుంటుంది? జంబయ్య ఎర్రమట్టి అంటిన చేతులు వెనక్కి దాచుకున్నాడు. తోక కిందికి దించి, ఎప్పుడూ అలవాటు లేని వినయం ముఖానికి తెచ్చుకున్నాడు.

"అబ్బే, అంత మాటెందుకు" అన్నాడు నీళ్ళు నములుతూ. "ఏదో... నాకు చేతనైనంత."

నీతి: ఊరందరికీ ధర పెంచి, తనకొక్కడికే తగ్గించమని అడిగినవాడు, ఆ ధర ఊరందరికీ తగ్గించి పోతాడు.